కొప్పెర కాగని రోజు

బాగేపల్లికి రోజుకు ఒక్క బస్సు వచ్చి, అది వచ్చిందని పిల్లలంతా పరుగెత్తిపోయి చూసే కాలం అది. పుష్యమాసం వచ్చిందంటే మునిరత్నమ్మ వేళ్ళకు తీరిక ఉండేది కాదు. నానబెట్టిన అనపగింజల గంప ముందు వేసుకుని, ఒక్కో గింజను రెండు వేళ్ళ మధ్య నొక్కి, తోలు వదిలించి, పప్పును చేటలోకి జారవిడిచేది. బాగేపల్లి నుంచి గుడిబండె పోయే దారిలో ఉన్న వాళ్ళ పల్లెలో పప్పు పితకడంలో ఆమెను మించినవాళ్ళు లేరని పేరు. పేరు సంగతి ఎలా ఉన్నా ఆమెకు ఆ పని ఇష్టం. చేతులు పనిలో ఉంటే మనసు నాలుగు చోట్లు తిరిగి వచ్చేది.

ఆ రోజు మాత్రం మనసు ఎక్కడికీ కదల్లేదు. వాకిట్లో మొగుడు రామచంద్రప్ప బండికి సామాను ఎత్తుతున్నాడు.

"పెద్దకూడు తినేసి పొద్దు వాలకముందే బయలుదేరాల," అన్నాడు. "చింతామణిలో మా చిన్నాయన కొడుకు ఇల్లు చూసి పెట్టినాడు. నీ బిడ్డ ఎవరి బిడ్డని ఆడ ఎవరూ అడగరు."

"ఆడ అడగరు, సరే. ఈడ అడిగినోళ్ళకు జవాబు చెప్పొద్దా?"

"చెప్పి ఏం సాధించాల? పోయేవాళ్ళకు మాటలెందుకు?"

"పోవాలంటాండేది నువ్వు. నేను కాదు."

రామచంద్రప్ప ఆ మాట విననట్టే తాడు బిగించాడు. అతను మంచివాడు. కానీ మంచివాళ్ళలో కొందరికి ఒక జబ్బు ఉంటుంది. మనసు నొచ్చుకుంటే గొడవపడరు, మూటాముల్లె సర్దుకుంటారు.

బిడ్డ అంటే అక్కయమ్మ. ఏడేళ్ళ కిందట ప్లేగు వచ్చి ఊరంతా పొలాల్లో గుడిసెలు వేసుకున్నప్పుడు, ఎవరిదో ఖాళీ గుడిసెలో ఏడుస్తూ దొరికిన పసిగుడ్డు. మునిరత్నమ్మకు పిల్లల్లేరు. అత్త అక్కయమ్మ ఆ ప్లేగులోనే పోయింది. బిడ్డకు ఆ పేరే పెట్టి మునిరత్నమ్మ తెలివైన పని చేసింది. తల్లి పేరున్న పిల్లను రామచంద్రప్ప ఏనాడూ ఒక్క మాట తిట్టలేకపోయాడు.

ఆరేళ్ళు ఎవరూ ఏమీ అనలేదు. ఏటా పెద్దకూడు పంక్తిలో పిల్ల అమ్మ ఒళ్ళో కూర్చుని అమ్మ ఆకులో తినేది. నిరుడు మొదటిసారి వరుసలో తన ఆకు ముందు తాను కూర్చుంది. కులపెద్ద ముత్యాలప్ప వరుసంతా చూసుకుంటూ వచ్చి ఆ పిల్ల దగ్గర ఆగి, "ఏ ఇంటి బిడ్డో తెలియదు కదా, ఆకు ఎట్లా ఏస్తారు?" అని ఆ ఆకు ఎత్తించాడు. అరవలేదు, కోపంగానూ చెప్పలేదు. కట్టుబాటు అది, చెప్పాడు, అంతే. మునిరత్నమ్మ కడుపు ఆ రోజు రగిలింది, ఏడాదైనా ఆరలేదు.

పెద్దకూడు అంటే వేరుశనగ పని ముగిశాక కులంవాళ్ళందరూ ఒక్క కొప్పెరలో వండుకు తినడం. నలుగురు పట్టి ఎత్తితే గానీ కదలని ఆ రాగి కొప్పెర ఎప్పటిదో ఎవరికీ తెలియదు. కులంలో ఒక్కరు కడుపులో మాట దాచుకున్నా అందులో నీళ్ళు కాగవు. అందుకని పొయ్యి వెలిగించాక కులపెద్ద "మాట ఉండేవాళ్ళు చెప్పండప్పా" అని అడిగేవాడు. గట్టు జరిపారనీ పెళ్ళికి పిలవలేదనీ మగవాళ్ళు లేచి చెప్పేవాళ్ళు. తీర్పు దొరికినా దొరకకపోయినా, మాట బయటపడితే చాలు, నీళ్ళు మరిగేవి. పక్క ఊళ్ళ కొప్పెరలు ఉత్త కట్టెలకే కాగుతాయని విని, అది నాసిరకం రాగి అయి ఉంటుందని ఈ ఊరివాళ్ళు జాలిపడేవాళ్ళు. ఆడవాళ్ళను మాత్రం ఎవరూ అడిగేవాళ్ళు కాదు. పప్పు పితుకుతూ ఒకరికొకరు అన్నీ చెప్పేసుకుంటారు, ఇక వాళ్ళ కడుపులో ఏం మిగులుతుందని మగవాళ్ళ ఊహ. ఆ ఊహతో చాలా ఏళ్ళు పని జరిగిపోయింది కూడా.

ఆ రోజు పొద్దు బారెడెక్కగానే కొప్పెర కింద పొయ్యి వెలిగించారు. ఆడవాళ్ళు గంపలూ చేటలూ తెచ్చుకుని ఆ పక్కనే పప్పు పితుకుతూ కూర్చున్నారు. బయ్యప్ప లేచి తన చిక్కుడు పాదు మేసిన మేకల సంగతి చెప్పాడు. ఆ మేకలు చచ్చి మూడేళ్ళయింది, అయినా ఏటా చెప్పేవాడు, ఏటా అందరూ వినేవాళ్ళు. ఇంకో ఇద్దరు తమ మాటలు చెప్పారు. పొద్దు నడినెత్తికి వచ్చింది. ముత్యాలప్ప కొప్పెరలో వేలు ముంచి చూశాడు. నీళ్ళు బావిలోంచి అప్పుడే తోడినట్టున్నాయి.

అందరూ రామచంద్రప్ప వైపు తిరిగారు.

"నాకు మాట లేదు," అన్నాడు అతను. "ఊర్లో ఉండేవాళ్ళకు మాట. నేను పోతాండాను."

"పోతాండానంటే పోయినట్టు కాదు కదప్పా," అన్నాడు ముత్యాలప్ప. "నువ్వు పోయినావని కొప్పెరకు ఎవరు చెప్తారు?"

రామచంద్రప్ప తల వంచుకునే అన్నాడు: "ప్లేగులో దిక్కులేని బిడ్డను తెచ్చుకుంటే అప్పుడెవరూ వద్దనలేదు. అన్నం పెట్టే పొద్దుకు ఏ ఇంటిదని అడిగినారు. అది తప్పు."

కొప్పెర అడుగున ఒక బుడగ కదిలింది. అంతకుమించి ఏమీ జరగలేదు.

తన కడుపులోనూ మాట ఉందని మునిరత్నమ్మకు అప్పుడు తెలిసొచ్చింది. నిరుటి సంగతి ఆమె ఏ ఆడదానితోనూ చెప్పుకోలేదు. చేట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. ఆ చోట ఒక ఆడది మాట్లాడటానికి లేవడం అదే మొదలు.

"మామా, నావి రెండు మాటలు. మీకొకటి, నా మొగునికొకటి. మీరు చేసింది అన్యాయం. ఆయన చేస్తాండేదీ నాకు ఇష్టం లేదు. తప్పు చేసినోళ్ళు ఈడ కూసోని తింటాంటే, చేయని మేము ఊరిడిసి ఎందుకు పోవాల? నేను పోను. ఏటా వస్తాను, ఏటా ఇదే చెప్తాను. మీకు ఏటా పొద్దు వాలినాకే కూడు."

ఆడవాళ్ళలో ఎవరో నవ్వారు. రామచంద్రప్ప పెళ్ళాన్ని కొత్తగా చూసినట్టు చూశాడు. నీళ్ళ మీద సన్నగా ఆవిరి లేచింది, కాసేపు నిలిచింది, మళ్ళీ తగ్గిపోయింది. కట్టెలు ఎగదోశారు. నీళ్ళు కాగలేదు.

ముత్యాలప్ప మగవాళ్ళను పేరు పేరునా అడిగాడు. ఆ రోజు మొదటిసారి ఆడవాళ్ళనూ అడిగాడు. అందరూ లేదన్నారు. కులంలో అందరి మాటా అయిపోయినా కొప్పెర ఇంకెవరి కోసమో ఆగింది.

ముత్యాలప్ప మొండివాడే గానీ అబద్ధమాడే మనిషి కాదు. ఆ నీళ్ళలో మరోసారి వేలు ముంచి చూశాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, మెల్లగా నడిచి వెళ్ళి, అనపతొక్కల కుప్ప పక్కన కూర్చున్న అక్కయమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నీకేమన్నా మాట ఉండాదా అమ్మా?"

కులంవాళ్ళను మాత్రమే అడిగే మాట అది. మునిరత్నమ్మకు కళ్ళు చెమ్మగిల్లాయి. పిల్ల అమ్మ ముఖంలోకి చూసింది. చెప్పమని అమ్మ తలూపింది.

"ఆ పొద్దు నా ఆకు ఎత్తేసినారు కదా తాతా. అమ్మ తనకు ఆకలి లేదని తన ఆకులోదంతా నాకే పెట్టేసింది. అమ్మకు ఆకలి ఉన్నింది. ఇంటికి పోయినాక తలుపు చాటున ఉప్పేసుకోని చల్లసంగటి తినింది. నేను చూసినాను. ఎవరికీ చెప్పలేదు."

పిల్ల మాట ముగిసిందో లేదో, వెనక కొప్పెర గళగళ మరిగింది.

బయ్యప్ప బియ్యం గంప ఎత్తుకుని పొయ్యి దగ్గరికి పోయాడు. అన్నం ఉడికి, పప్పు పులుసు దిగి, ఆకులు పరిచే వేళకు అతనే వచ్చి అడిగాడు: "ఒక ఆకు ఎక్కువ ఏయాల్నా మామా?"

"ఎక్కువేం కాదప్పా," అన్నాడు ముత్యాలప్ప. "నిరుడు ఒకటి తక్కువేసినాము."

భోజనాలయ్యాక రామచంద్రప్ప పోయి బండి తాడు విప్పాడు. అడగకుండానే పదిమంది ఆడవాళ్ళు వచ్చి సామాను లోపలికి మోశారు. ఎవరి చేతికి ఏది వస్తే అది, ఎవరికి ఎక్కడ తోస్తే అక్కడ పెట్టి వెళ్ళిపోయారు. తిరగలి గూట్లోనూ, దుప్పట్లు అటక మీదా, జల్లెడ ఎక్కడో దేవుడికే తెలియాలి. మునిరత్నమ్మ వారం రోజులు సొంత ఇంట్లో ఒక్కో వస్తువూ వెతుక్కుంది. వెతుక్కోవడానికి ఆ ఇల్లు ఉన్నందుకు, ఒక్కసారి కూడా విసుక్కోలేదు.