కారులో లొడలొడ

నాకు పిచ్చి పట్టలేదు. ముందే ఈ మాట చెప్పుకోవాలి, ఎందుకంటే మొన్నటిదాకా మా ఇంట్లో, మెకానిక్ షెడ్డులో అందరూ నాకు పట్టిందనే అనుకున్నారు. నా కారులో ఏదో లొడలొడమని మోగేది. నాకు వినిపించేది. ఇంకెవరికీ వినిపించేది కాదు. ఏం చెయ్యమంటారు నన్ను?

నా పేరు దుర్గాభవాని. మాది చిల్కానగర్. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ప్లాస్టిక్ డబ్బాలు తయారుచేసే కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మా ఆయన విక్రమ్ ఉప్పల్‌లో మెట్రో ఎక్కి హైటెక్ సిటీకి పోతాడు కాబట్టి, కాగితాలు ఆయన పేరు మీద ఉన్నా ఈ సెకండ్ హ్యాండ్ కారు నడిపేది నేనే. కారు రాకముందు నా బతుకు వేరు. రింగ్ రోడ్డు దాకా నడక, అక్కణ్ణుంచి బస్సులో ఒంటికాలి మీద నిలబడటం, దిగి షేర్ ఆటోలో ముగ్గురు కూర్చునే చోట ఐదోదాన్నై ఇరుక్కోవడం. ఆఫీసులో కుర్చీలో కూలబడేసరికే సగం ప్రాణం పోయేది. నలభై ఏళ్ళు దగ్గర పడ్డాక డ్రైవింగ్ నేర్చుకున్నాను. నేర్పించినవాడితో తిట్లు తిన్నాను, మా గల్లీలో రెండు ప్రహరీ గోడలకు గీతలు పెట్టాను, అయినా నేర్చుకున్నాను. ఆ కారంటే నాకు ప్రాణం.

అలాంటి కారులో ఒకరోజు పొద్దున, హబ్సిగూడ మలుపు తిరిగి నాచారం రోడ్డెక్కగానే మొదలైంది. గుంటలో పడితే లొడ. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే లొడలొడ. పైపుల కోసం తవ్వి, మట్టి పోసి వదిలేసిన చోటయితే ఇక ఆపకుండా అదే గోల. నాచారం రోడ్డు మీద గుంట లేని చోటేదో మీకు తెలిస్తే కాస్త నాక్కూడా చెప్పండి. ఆఫీసు చేరేదాకా పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను.

ముందు నేనే వెతికాను. డ్యాష్‌బోర్డు అరలో ఉన్న కళ్ళజోడు డబ్బా, చిల్లర, రాయని పెన్నులు అన్నీ తీసి ఇంట్లో పడేశాను. లొడలొడ. డిక్కీలో జాకీనీ పానానూ పాత టవల్‌లో చుట్టి, కదలకుండా స్టెప్నీ పక్కన కుక్కాను. లొడలొడ. డోర్లలో నీళ్ళ సీసాలు తీసేశాను. సీటు బెల్టు కొస పక్కనున్న ప్లాస్టిక్‌కు కొట్టుకుంటోందేమోనని ఆ ప్లాస్టిక్ మీద గుడ్డ అతికించాను. ముందున్న వినాయకుణ్ణి కూడా వదల్లేదు, ఆయన కింద కొత్త టేపు వేసి గట్టిగా నొక్కాను. పాత పేపర్లు మడతపెట్టి డ్యాష్‌బోర్డు సందుల్లో దోపాను. చూసేవాళ్ళకు నా కారు ఇల్లు ఖాళీ చేసేవాళ్ళ సామాను బండిలా తయారైంది గాని, చప్పుడు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

మా అత్తమ్మ సాలమ్మకు కారెక్కితే వాంతులు. అందుకని ఎక్కదు. సలహా ఇవ్వడానికి ఎక్కాల్సిన పనేముంది?

"దిష్టి తాకింది బిడ్డా. ఎదురింటామె రోజు నువ్వు బండి తీస్తుంటే గుడ్లప్పగించి సూస్తది," అని ముందు బంపరుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. మర్నాడు నిమ్మకాయ ఊగుతూ వచ్చింది, చప్పుడు మోగుతూ వచ్చింది.

ఇక లాభం లేదని కొమురెల్లి షెడ్డుకు తీసుకుపోయాను. నాచారంలో మా కంపెనీ దారిలోనే ఉంటుంది. మా కారు ఎప్పుడూ అతనే చూస్తాడు.

"ఎక్కడికెల్లి వస్తుందో నువ్వే సూపియ్యాలె అక్కా. నేను నడుపుత, నువ్వు పక్కకు కూసో," అన్నాడు.

కూర్చున్నాను. మౌలాలి వైపు చాలా దూరం పోయి వచ్చాం. అతను ఒక్క గుంటనూ వదల్లేదు, కావాలని వెతికి మరీ ఎక్కించాడు. కారులో చీమ చిటుక్కుమంటే ఒట్టు.

"ఏదక్కా సప్పుడు?"

"నీ గేటు దాకా వచ్చిందన్నా! ఇప్పటిదాంక మోగింది!"

"అయితె నా గేటు సూసి బయపడ్డది గావచ్చు," అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఏవో నాలుగు స్క్రూలు బిగించి, "ఇగ ఫికర్ జెయ్యకు, పో," అన్నాడు. గేటు దాటి రోడ్డు మీదకు ఎక్కానో లేదో లొడలొడ. అక్కడే వెనక్కి తిప్పాను. ఈసారి నన్ను నడపమని తను పక్కన కూర్చున్నాడు. మళ్ళీ ఏమీ లేదు. నా ఖర్మ కాకపోతే ఏమిటిది! ఫోనులో రికార్డు చేసి వినిపిద్దామనుకుంటే అందులో లారీల హారన్లు తప్ప ఇంకేమీ పడలేదు.

ఆ తర్వాతి వారం మళ్ళీ పోతే కొమురెల్లి చేతులు తుడుచుకుంటూ, చాలా మెల్లగా, దవాఖానాలో రోగికి చెప్పినట్టు చెప్పాడు. "నారాజ్ గాకక్కా. కొందరికి బండి మీద మస్తు పాయిరం ఉంటది, పానం లెక్క సూస్కుంటరు. గట్లాంటోళ్ళకు లేని సప్పుడు గూడ ఇనవడతది."

అరికాలి మంట నెత్తికెక్కింది. "లేని సప్పుడా? అంటే బండి మంచిగుంది, నా చెవులు ఖరాబైనయంటవా?" అని అరిచాను. షెడ్డులో ఉన్నవాళ్ళంతా పని ఆపి నన్నే చూశారు. సిగ్గుతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి కనబడకుండా కారెక్కి డోరు ధడాలున వేసుకున్నాను. వెళ్తుంటే మళ్ళీ అదే చప్పుడు, వెనక నుంచి వెక్కిరించినట్టు.

విక్రమ్ సంగతి ఇంకా ఘోరం. ఆదివారాలు ఆయన నడుపుతాడు, నేను పక్కన కూర్చుంటాను. అంబర్‌పేట్ దాకా పోయి వచ్చినా ఒక్క చప్పుడు లేదు. "ఏది? ఏదీ?" అని ప్రతి గుంట దగ్గరా అడిగాడు. "ఆగు, వస్తది," అని ప్రతిసారీ చెప్పాను. రాలేదు. ఇంటి ముందు కారాపి నా వైపు తిరిగాడు.

"దుర్గా, ఇగ బండి అమ్మేద్దాం. పొద్దుమాపు గిదే లొల్లి, నాతోని గాదు. మన ధీరజ్ బండి కోసం సూస్తుండు. వచ్చే ఐతారం రమ్మంట."

ధీరజ్ ఆయన చిన్నమ్మ కొడుకు, అంబర్‌పేట్‌లో ఉంటాడు.

"నా బండి ఎందుకమ్ముతవ్? బాగు జేయిస్త అంటున్న గదా!"

"లేనిదాన్ని ఏం బాగు జేయిస్తవ్? సప్పుడుంటే అమ్ముదాం. లేకుంటే ఇగ దాని పేరెత్తకు."

చూశారా న్యాయం! చప్పుడు ఉందంటే కారు పోతుంది. లేదంటే నేను పిచ్చిదాన్నని ఒప్పుకున్నట్టే. పోనీ కారు కోసం ఒప్పేసుకుందాం అనుకున్నాను. ఆ వారమంతా నోరు కుట్టేసుకుని, పాటలు గట్టిగా పెట్టుకుని నడిపాను. అయినా ఆయన ధీరజ్‌ను రమ్మనే అన్నాడు. బండి ఫస్ట్‌క్లాస్‌గా ఉందని నా ముందే ఫోనులో చెప్పాడు. వంటింట్లోకి పోయి గిన్నెల మీద నా కోపమంతా తీర్చుకున్నాను. మళ్ళీ ఆ షేర్ ఆటోల్లో ఇరుక్కోవాలి అనుకుంటూ ఒక గిన్నెకు సొట్ట కూడా పెట్టాను.

శనివారం ఆఫీసు అయ్యాక నాచారంలో వెంకటనర్సమ్మ కిరాణా దుకాణం దగ్గర బియ్యం బస్తా కొన్నాను. డిక్కీలో కంపెనీ శాంపిల్ డబ్బాలు, వెనక సీటులో మా అత్తమ్మ పరుపుకు కొన్న దూది. చోటు లేక వెంకటనర్సమ్మ కొడుకు బస్తాను ముందు సీటులో కూర్చోబెట్టాడు. ఇంజన్ ఆన్ చేస్తే పక్కవాళ్ళకు బెల్టు పెట్టమని కారు కీకీమని అరవడం మొదలుపెట్టింది. దాని నోరు మూయించడానికి బస్తాకు బెల్టు పెట్టాను. సిగ్నల్ దగ్గర పక్క స్కూటర్ మీది మనిషి బస్తాను చూసి నవ్వాడు. నవ్వుకో నాయనా, నా కారులో ఇదే ఆఖరి ప్రయాణం అనుకున్నాను.

హబ్సిగూడ దగ్గరికి వచ్చాక గాని నాకు వెలగలేదు. చప్పుడు లేదు. ఇంత దూరం, అన్ని గుంటల మీద, ఒక్కసారి కూడా మోగలేదు.

కొమురెల్లి పక్కన కూర్చున్నప్పుడు మోగలేదు. నేను పక్కన కూర్చున్నప్పుడు మోగలేదు. ఇప్పుడు బియ్యం బస్తా కూర్చుంది, మోగలేదు. కారు పక్కకు తీసి ఆపాను. దూది అంతా ఒక మూలకు తొక్కి, నడుం పట్టేసినా సరే అని బస్తాను వెనక సీటులోకి ఈడ్చాను. నాలుగు అడుగులు ముందుకు పోనిచ్చానో లేదో లొడలొడ! నా జన్మలో ఏ చప్పుడు విన్నా అంత సంతోషం కలగలేదు. మళ్ళీ ఆపి, ఖాళీ సీటును రెండు చేతులా పట్టుకుని ఊపాను. అచ్చం అదే చప్పుడు. ఫోను లైటు వేసి సీటు కిందికి వంగి చూశాను. సీటు ముందుకూ వెనక్కూ జరగడానికి కింద ఇనప పట్టాలుంటాయి, సీటును ఆపడానికి వాటికి చెరో పక్క కొక్కెం. ఒక కొక్కెం అరిగిపోయి పట్టుకోవడం లేదు. మనిషి కూర్చుంటే బరువుకు సీటు అణిగి ఉంటుంది. ఖాళీగా ఉంటే ఎగిరెగిరి పడుతుంది. ఆ సీటు ఖాళీగా ఉండేది నేను ఒక్కదాన్నే పోయేటప్పుడే.

ఇంటికి వచ్చి విక్రమ్‌ను టీవీ ముందు నుంచి లేపి బయటికి తీసుకొచ్చి, అరిగిన కొక్కెం చూపించాను. "బండి తీస్కొని ఒక్కనివే మెయిన్ రోడ్ దాంక పోయిరా," అన్నాను. సణుక్కుంటూ పోయాడు. తిరిగి వచ్చి ఇంజన్ ఆపి, పక్క సీటును తనూ ఊపి చూశాడు.

"నిజమే. ఉన్నదే," అన్నాడు.

నేను ఎదురుచూశాను. ఇన్ని రోజులు నిన్ను నమ్మలేదు దుర్గా, తప్పయింది అంటాడని. అంత కాకపోయినా, కనీసం మంచిగ కనిపెట్టినవ్ అంటాడని.

"మంచిగ కనిపెట్టినవ్," అన్నాడు. నా మొహం విచ్చుకుంది. అంతలోనే, "రేపు ధీరజ్ నడిపి సూస్తప్పుడు నేను పక్క సీటుల కూసుంట. సప్పుడే రాదు," అన్నాడు.

"ఇన్నొద్దులు నమ్మలె. నమ్మినంక నీకు తోచింది గిదా?"

"వాణ్ని రమ్మన్నం గదనే. ఇప్పుడు వద్దంటే ఇజ్జత్ ఏముంటది? గా కొక్కెం సంగతి తర్వాత వాడే సూసుకుంటడు తియ్."

నా చప్పుడును, నేను పడ్డ తిప్పలను ఈ మనిషి తమ్ముడికి టోపీ పెట్టడానికి వాడుకుంటాడట! ఆ కోపంతో నాకు అన్నం సహించలేదు.

ఆదివారం పొద్దున ధీరజ్ వచ్చాడు. పాపం మంచివాడు, వస్తూ వస్తూ అత్తమ్మకు బత్తాయిలు తెచ్చాడు. కారు చుట్టూ తిరిగి చూసి, మురిసిపోతూ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. విక్రమ్ తయారుగా ఉన్నట్టున్నాడు, టక్కున అటు పక్క డోరు తీసి ఎక్కి కూర్చున్నాడు. నేను పోయి ఆ డోరు తెరిచాను.

"దిగు," అన్నాను.

"ఎందుకే?"

"బండి కొనేది ధీరజ్. ఒక్కడు నడిపి సూస్కోనియ్. దిగు."

తమ్ముడి ముందు ఏమనగలడు? దిగాడు. కారు గల్లీ మలుపు తిరిగేదాకా చూసి, "సొంత బండిని నువ్వే ఖరాబు జేసుకుంటున్నవ్," అని పళ్ళు నూరాడు.

"ఔ, నా సొంత బండే. నువ్వు గిప్పుడన్నవ్, మర్చిపోకు," అన్నాను.

ధీరజ్ తిరిగొచ్చాడు. దిగి, తల గోక్కుంటూ, చెప్పాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. అన్న మొహం చూడలేక కాబోలు నా వైపు తిరిగాడు.

"బండి మంచిగనే ఉంది గాని వదినా, గా పక్క సీటు కాడ లొడలొడమని ఒకటే సప్పుడు. ఇన్నొద్దుల నుంచి నడుపుతున్నవ్, నీకు ఎన్నడు ఇనవడలేదా?"

ఎవరో ఒకరు ఆ చప్పుడు ఉందంటే చాలని ఎంత మొత్తుకున్నాను! తీరా ఉందని చెప్పిన మనిషి నన్ను అడిగింది ఇది. నోటిదాకా వచ్చిన జవాబును ఆపుకుని విక్రమ్‌నే చూస్తూ నిలబడ్డాను. ధీరజ్ కూడా అటే చూశాడు.

విక్రమ్ చెప్పుతో నేలను గీకాడు. "ఇనవడ్డదిరా. మొదటి దినం నుంచి చెప్తనే ఉంది. నేనే నమ్మలె," అన్నాడు.

"మరి ఫోన్ల ఫస్ట్‌క్లాస్ అంటివి గదన్నా?"

ఆయన బండి వైపు తిరిగి బంపరు తుడవసాగాడు. మొహం ఎర్రబడిపోయింది.

"ధీరజ్, నీకు మంచి బండి నేను సూపిస్త, గిది మాత్రం అమ్ముడు లేదు. లోపలికి దా, ఉప్మా చల్లారుతుంది," అన్నాను. తర్వాత మా ఆయన వైపు తిరిగాను. "కొమురెల్లి షెడ్డు ఐతారం గూడ తీసే ఉంటది. పోయి కొక్కెం ఏపిచ్చుకొని రా. నాకు పిచ్చి లేదని గూడ ఆయనకు నువ్వే చెప్పి రా."