కుట్టుశాల సిలిండరు

ఆ వీధిలో అందరూ ఆమెను సిలిండరమ్మ అనేవారు. మొహం మీద అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. మంటలార్పే ఎర్ర సిలిండర్లు బాగుచేసే దుకాణం వాళ్ళది. మొగుడు ఆఫీసులూ, కార్ఖానాలూ, బస్సుల షెడ్లూ తిరిగి పాతవి తెచ్చేవాడు, బాగైనవి తగిలించి వచ్చేవాడు. మరిది వ్యాను నడిపేవాడు. లోపలి పనంతా ఆమెదే. లారీల్లో తిరిగే సిలిండర్లలో పొడి కుదుపులకు అడుగున గడ్డకట్టుకుపోతుంది. వాటిని తలకిందులు చేసి రబ్బరు సుత్తితో తట్టి, అప్పటికీ కదలకపోతే విప్పి పొడి మార్చేది. తుప్పు పట్టినదైతే మొహమాటం లేకుండా పక్కన పడేసి, కొత్తది కొనుక్కోమని చెప్పేది. ఆమె పనికి వంక పెట్టిన మగాడు లేడు.

పని సంగతి సరే. మనసు మాత్రం కొన్నాళ్ళుగా కుతకుతలాడిపోతోంది. కారణం ఎదురుగా బల్ల మీదే ఉంది. కుట్టుశాల సిలిండరు. పోయిన నెల నింపి పంపింది, అంతకుముందు నెలా నింపి పంపింది. ఇప్పుడు మళ్ళీ, లోపలి ఒత్తిడి చూపే గేజు ముల్లు ఎర్రగీతలోకి దిగి వచ్చి కూర్చుంది.

"దీనికి మనిల్లు నచ్చినట్టుంది వదినా. నెల తిరక్కుండా పుట్టింటికొచ్చినట్టు వచ్చేస్తోంది," అన్నాడు మరిది.

"నోరు మూసుకుని పని చూడు," అంది.

పంపేముందు నీళ్ళతొట్టిలో ముంచి చూసిన సిలిండరు అది. ఒక్క బుడగ రాలేదు. మరి పొడిని బయటికి తోసే గ్యాసు ఎలా పోయింది? వాల్వు విప్పి చూస్తే రబ్బరు మీద పొడి అంటుకుని ఉంది. అంటే ఎవరో నొక్కారు. ఈ పనిలో ఓనమాలు అవే. పిడిని ఒక్కసారి నొక్కి వదిలినా పొడి రేణువులు వాల్వులో ఇరుక్కుని, గ్యాసు చప్పుడు లేకుండా కారిపోతుంది. పెళ్ళైన కొత్తలో ఆమె సరదాకి ఒకటి నొక్కబోతే చెయ్యి పట్టుకుని ఆపింది మొగుడే. "పరీక్షకని కూడా నొక్కకూడదు. నొక్కితే మళ్ళీ నింపాల్సిందే," అని నేర్పాడు.

నొక్కేది ఎవరో ఆమె మనసు ఎప్పుడో తేల్చేసింది. ఇంకెవరు, కుట్టుశాల నడిపే ఆ మహాతల్లే. నెలనెలా ఓసారి నొక్కడం, ముల్లు పడిపోయిందని కబురు పెట్టడం, ఈయన పరుగెత్తడం. బస్సుల షెడ్డుకు ఏ చొక్కా దొరికితే ఆ చొక్కాతో పోయే మనిషి కుట్టుశాలకు ఇస్త్రీ చొక్కా వేసుకుంటున్నాడు. ఒకరోజు భోజనాల దగ్గర, "ఆవిడ కుట్టుశాలలో ఒక్క దారప్పోగు కింద కనబడదు, తెలుసా," అన్నాడు కూడా. ఆ మాటకు అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు. దుకాణంలో ఇన్నేళ్ళుగా పొడి ఊడ్చి ఊడ్చి నడుం పడిపోయిన తన గురించి, ఈ మనిషి ఒక్కరితోనైనా ఇలా చెప్పి ఉంటాడా?

ఇక తాడోపేడో తేల్చుకోవాలనుకుంది. మొగుడు ఊళ్ళోకి వెళ్ళగానే మరిదిని వ్యాను తియ్యమంది.

దారి పొడుగునా ఆవిడను ఎన్ని మాటలనాలో అన్నీ పేర్చుకుంది. తీరా గుమ్మంలోకి వెళ్తే, మిషన్ల చప్పుడు మధ్య నుంచి కళ్ళజోడు సర్దుకుంటూ ఒకావిడ లేచి వచ్చింది. పళ్ళ మధ్య గుండుసూదులు. వాటిని తీసి, "సిలిండర్ల దుకాణం వాళ్ళేనా? రండి వదినగారూ, అన్నగారు రాలేదా?" అంది.

అన్నగారట. ఆ ఒక్క మాటతో ఆమె గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఛ, ఎంత అనుమానపు పీనుగని నేను, అనుకుంది. గొంతు కూడా మెత్తబడింది.

"మీరు దీన్ని గానీ నొక్కుతున్నారా అమ్మా?"

"అయ్యో, నేను ముట్టుకోను కూడా. అదంటేనే నాకు భయం. తగిలించేముందు అన్నగారే గుమ్మం బయట ఒకసారి బుస్సుమనిపించి చూపిస్తారు, నా ధైర్యం కోసమట. ఆ తర్వాత సీలు వేస్తారు. మా మిషన్ల వేడికి నెలనెలా ముల్లు పడిపోతుందట, ఆయనే వచ్చి చూసుకుంటారు. ఏం, అలా చెయ్యకూడదా?"

పేర్చుకుని వచ్చిన తిట్లలో ఒక్కటీ ఈ మనిషికి అతకదు. అయినా అసూయ పోయిందా అంటే, పోలేదు. ఇంకా పెరిగింది. ఈవిడ పిలవకుండానే, అడగకుండానే, కనీసం తెలియకుండానే, తన మొగుడు చేతులారా పని చెడగొట్టుకుని మరీ వస్తున్నాడు.

వ్యానులోంచి కొత్త సిలిండరు తెచ్చి కొక్కేనికి తగిలించింది. "దీన్ని ఎవరినీ నొక్కనివ్వకండి, మీ అన్నగారినైనా సరే. ముల్లు పచ్చగీతలో ఉందో లేదో అప్పుడప్పుడు మీరే చూసుకోండి. ఏడాదికి నేనొచ్చి పరీక్ష చేస్తాను," అని చెప్పి వచ్చేసింది. తిరుగుదారిలో వదిన మొహం చూసి మరిది జోకులు మానేశాడు.

సాయంత్రం మొగుడు చేతులు తుడుచుకుంటూ, "కుట్టుశాలది నింపావా? రేపు అటే వెళ్తున్నా," అన్నాడు.

"అక్కర్లేదు. నేనే వెళ్ళి కొత్తది పెట్టి వచ్చాను."

"పాతదానికేమైంది?"

"ఎవరో నొక్కుతున్నారు."

అతని మొహంలోకే చూస్తూ నిలబడింది. దారిలో అతని తరఫున అబద్ధాలు కూడా ఆమే ఆలోచించి పెట్టింది. ఆవిడ భయపడుతుంటే చూపించాననవచ్చు. పొరపాటైందనవచ్చు. ఏదైనా సరే, నోరు తెరిచి ఒక్కటి చెబితే చాలు, నమ్మేద్దామనే ఉంది.

అతను చాలాసేపు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ఆవిణ్ణేమీ అనలేదు కదా?" అన్నాడు చివరికి.

"లేదు."

అతను హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలాడు. అంతవరకూ రాని ఏడుపు అది చూసి వచ్చింది ఆమెకు.