రాట్నం కింద బల్ల

"ఆపరేషన్ చేస్తే కాలి నొప్పి తొందరగా తగ్గుతుంది. చేయకపోయినా చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. మీ కాల్లో బలం బాగానే ఉంది, ఆగి చూద్దాం. పాదం పట్టు తప్పినా, మూత్రం ఆగినా మాత్రం వెంటనే వచ్చేయండి" అన్నాడు పటమట డాక్టరు. కోసే డాక్టరే కోతొద్దన్నందుకు భావనారాయణ మనసులోనే దణ్ణం పెట్టుకుని పెడన బస్సెక్కాడు.

ముప్పై ఏళ్లు గుంట మగ్గంలో కూర్చున్న నడుం. అందులో డిస్కు జారి కాలి నరాన్ని నొక్కింది. ఇక కొన్నాళ్లు గుంటలో దిగకూడదు. నేత భార్య సుబ్బరత్నం అందుకుంది, ఆవిడ రాట్నం మీద కండెలకి నూలు చుట్టే పని ఆయనకొచ్చింది. నేలమీద కూర్చోలేక రాట్నాన్ని బల్లమీదికి ఎక్కించి, నిలబడే చుట్టాడు. పొద్దున్నే వ్యాయామం, సాయంత్రం కాలవగట్టు మీద నడక. రెండు నెలలకి కాల్లో సలుపు పోయింది.

ఆయన మళ్లీ మగ్గంలో దిగిన రోజున సుబ్బరత్నం రాట్నాన్ని కిందికి దించబోయింది.

"ఉండనీ, కుర్చీ వేసుకో" అన్నాడు. ప్రేమతో కాదు, దించడానికి తనని ఓ చెయ్యి వెయ్యమంటుందేమోనని.

సాయంత్రం దీపం పెట్టి వచ్చి ఆవిడ అంది, "ఇవాళ నాకు నడుం నొప్పెట్టలేదండీ."

ఆవిడకి నడుం నొప్పి ఉందని ఆయనకి తెలియడం అదే మొదలు. ఇన్నేళ్లూ ఆయన నేసిన ప్రతి చీరకీ పేక నూలు చుట్టింది ఆ నడుమే.

ఆయన మగ్గంలోంచి లేచి దణ్ణం పెట్టాడు. ఈసారి మనసులో కాదు.