పొడిగా ఉన్న చోటు

గుర్రం కొనేముందు నన్ను సలహా అడిగేవాళ్లు బోలెడుమంది. అందరికీ ఒకటే చెబుతాను. రమ్మన్న వేళకు వెళ్లకండి, గంట ముందే వెళ్లండి. కుంటి గుర్రాన్ని కాసేపు తిప్పి, కాళ్లు సాగాక చూపించే ఘనులుంటారు. పళ్లు చూడండి, డెక్కలు ఎత్తి చూడండి. ఇక జీను సంగతి నాకొదిలేయండి. ముప్పై ఏళ్లుగా జీన్లు కుడుతున్నాను. గుర్రాన్ని చూడకుండా సూది పట్టనని అందరికీ తెలుసు.

ఒక్కసారి పట్టాను.

మా తమ్ముడు గుర్రాలను సవారీకి అద్దెకిస్తాడు. వాడి శాల నా కొట్టు వెనకే. పోయినేడు సన్నటి ఆడగుర్రాన్ని కొన్నాడు. నన్నడక్కుండా కొన్నాడు, అది వేరే సంగతి. మంచి గుర్రమే, ఒప్పుకోవాలి. నేను కనబడితే చాలు, వచ్చి జేబులు వెతికేది. మా నాన్న వాడిన పాత జీను తెచ్చి దాని మీద వేశాడు. నాన్న గుర్రం వీపు మంచమంత ఉండేది. ఈ పిల్లకి ఆ జీనేమిటి, నా మొహం!

"ఇది దీనికి సరిపోదురా," అన్నాను.

"నీ పని కుట్టడం. గుర్రాల సంగతి నేను చూసుకుంటాలే అక్కా," అన్నాడు, సవారీకి వచ్చిన నలుగురి ముందు. వాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజు నుంచి వాడి గుర్రాల ఊసెత్తలేదు.

నెల తర్వాత జీను భుజాన వేసుకుని వచ్చాడు. గుర్రాన్ని తీసుకురాలేదు.

"జీను వేయబోతే పేచీ పెడుతోందక్కా. ఇవాళ దించాక చూశాను. వీపంతా చెమటే, మూపు దగ్గర మాత్రం అరచేయంత మేర పొడిగా ఉంది. అక్కడ ఆనట్లేదు. అడుగున ఇంకాస్త ఉన్ని కూరి పెట్టు. అప్పటికీ దాని తిక్క కుదరకపోతే కబేళాకి తోలేస్తా."

నాకు వెంటనే అర్థమైంది. పొడిగా ఉందంటే ఆనకపోవడం కాదు, చెమట కూడా పట్టనంతగా అక్కడ నొక్కేస్తోందని. అక్కడ ఇంకా కూరితే పుండు పడుతుంది. ఒక్క మాట చెబితే సరిపోయేది. గుర్రాల సంగతి వాడు చూసుకుంటాడు కదా!

"ఎక్కడ కూరాలో సుద్దతో గియ్యి," అన్నాను.

గీశాడు. గీసినచోటే కూరి, రెండు పేటల దారంతో కుట్టిచ్చాను. కబేళా మాట ఉత్త బెదిరింపే అనుకున్నాను. నాలుగు రోజులు తిప్పలు పడి మళ్లీ నా దగ్గరికే వస్తాడు, అప్పుడు వాయిద్దామనుకున్నాను.

వాడు రాలేదు. గుర్రం కరవడం మొదలుపెట్టింది. జీను కనబడితే తన్నేది. చివరికి ఒకాయన్ని కింద పడేసింది, ఆయన చెయ్యి విరిగింది.

ఆ కబురు వినగానే కొట్టు వదిలేసి పరుగెత్తాను. శాలలో దాని చోట నీళ్ల తొట్టె ఒక్కటే ఉంది.

"ఏదిరా?"

"పొద్దునే కబేళా బండెక్కించా. పొగరుబోతు ముండ."

"దాని తప్పేం లేదురా! జీనుదిరా తప్పు, జీనుది!"

వాడు కొక్కేనికున్న జీను దించి, అడుగు పైకి తిప్పి, నేను కుట్టినచోట బొటనవేలితో గట్టిగా లాగి చూశాడు.

"నీ కుట్టుకేమైందక్కా? చూడు, ఒక్క పోగైనా ఊడలేదు."