కుక్కపిల్లకు దారి చూపించకూడదు

నైట్ డ్యూటీ దిగిన మనిషి కుక్కపిల్లను తేవడానికి వెళ్ళకూడదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా వెళ్ళాను, ఆ వారంలో నాకు చిక్కిన ఖాళీ పొద్దు అదొక్కటే. ఆసుపత్రి నుంచి కూర్మన్నపాలెంలో మా ఇంటికొచ్చి, మొహాన ఇన్ని నీళ్ళు చల్లుకుని, నాన్నను కారు వెనక సీట్లో ఎక్కించుకుని జాలరిపేట బయల్దేరాను. వేసుకున్న మాత్ర మత్తులో ఆయన దారి పొడుగునా పడుకునే ఉన్నాడు. ఆ నిద్ర చూస్తుంటే నాకు అసూయ పుట్టింది.

మా నాన్న అప్పలరాజు పుట్టినప్పటి నుంచీ జాలరిపేట సముద్రం ఒడ్డునే బతికాడు. పోయిన వానాకాలం పడవ మీంచి జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటే, ఆపరేషన్ చేయించి అంబులెన్సులో నేరుగా మా ఇంటికే తెచ్చుకున్నాను. నడక వచ్చిందో లేదో, చెప్పాపెట్టకుండా పేటకు బయల్దేరడం మొదలుపెట్టాడు. మొదటిసారి గాజువాకలో దొరికాడు. రెండోసారి హైవే మీద ఓ ట్రైలర్ లారీ రాసుకుపోయి, కిందపడి మోచెయ్యి చీరేసుకున్నాడు. మూడోసారి ఏమవుతుందోనని నా భయం.

“ఇద్దరం డ్యూటీకెళ్ళినప్పుడు బయట తాళం వేసేద్దాం” అన్నాడు మా ఆయన. ఆయన చెడ్డవాడేం కాదు. స్టీల్‌ప్లాంటులో షిఫ్టులు చేసి చేసి ఆయనా అలిసిపోయాడు. “ఓ కుక్కపిల్లను తెద్దాం. దాన్ని చూసుకుంటూ ఇంటిపట్టున ఉంటాడు. అప్పటికీ ఆగకపోతే నీ ఇష్టం” అన్నాను. అన్నానే గానీ, కన్నతండ్రిని లోపల పెట్టి తాళం వేయడమంటే మాటలా?

కుక్కపిల్లను కార్లో ఎలా తేవాలో ఫోన్‌లో చూసి అట్టపెట్టె, పాత దుప్పటి, పేపర్లు సర్దుకున్నాను. ప్రయాణానికి ముందు దానికి తిండి పెట్టొద్దని పేటలో ఉండే మా మేనత్త పోతమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పాను. ఆవిడ కుక్క ఈనిన పిల్లే అది. తీరా వెళ్ళి చూస్తే, దాని పొట్ట కుండలా ఉంది. చేప ముక్కలు ముళ్ళు తీసి, అన్నంలో పిసికి పెట్టేసింది మహాతల్లి.

“కూడెట్టొద్దన్నాను కదత్తా!”

“పుట్టిన కొంపలోంచి కాలీ కడుపుతో పంపుతారేటే? నీకు నర్సుద్దోగం ఎవులిచ్చినారే బాబూ!” అని నా మీదే లేచింది.

అంతటితో ఆగలేదు. పాత చీర ముక్క తెచ్చి పిల్ల మొహం మీద కప్పింది. “ఇల్లు సేరిందాకా ఈ గుడ్డ తియ్యకండి. దారి సూసిందంటే తిరిగొచ్చెత్తాది. మనింట్లోంచి ఎల్లిన కుక్కలన్నీ ఇలాగే ఎల్లినాయి.”

నాకు నవ్వొచ్చింది. ఇంకా సరిగ్గా పరిగెత్తడం రాని పిల్ల, ఊరి ఆ చివర నుంచి ఈ చివరకు నడిచొస్తుందట. వాదించే ఓపిక నాకు లేదు. నాన్న మాత్రం గుడ్డ కింద వేలు పెట్టి, దానికి ఊపిరాడుతోందో లేదో చూశాడు. పేటవాళ్ళు చుట్టూ చేరి ఆయన్ను పలకరిస్తుంటే, ఇక కారెక్కనంటాడేమోనని నాకు భయమేసింది. కానీ పెట్టె పట్టుకుని తనే ముందు ఎక్కి కూర్చున్నాడు. నా ఎత్తు పారిందని సంబరపడుతూ పెట్టెకు సీటు బెల్టు బిగించాను.

మద్దిలపాలెం దాకా పిల్ల కుయ్ కుయ్ మంటూనే ఉంది. తాటిచెట్లపాలెం దగ్గర చేపలన్నమంతా కక్కేసింది. కారు పక్కకు ఆపి, పేపర్లు మార్చి, తువ్వాలు తడిపి తుడిచాను.

“పోతమ్మత్తని పిలిచి కడిగించాల ఈ కారు” అన్నాను.

“దానికేటి తెలుసు, పాపం” అన్నాడు నాన్న. అత్తను అన్నాడో కుక్కపిల్లను అన్నాడో నేను అడగలేదు.

ఎన్.ఏ.డి. వంతెన దిగి, ఎయిర్‌పోర్టు దాటి షీలానగర్ చేరేసరికి బళ్ళన్నీ ఆగిపోయాయి. పోర్టు రోడ్డు నుంచి వచ్చే ట్రైలర్లు హైవేకు అడ్డంగా నిలిచిపోయాయి. స్టీరింగ్ మీద తల ఆనించాను. రెప్పలు వాటంతటవే పడిపోతున్నాయి. అప్పుడు వెనక నుంచి నాన్న గొంతు మెల్లగా వినిపించింది.

“పెద్ద వంతెన దిగినామా? ఇమానాల సోటు దాటినామా? ఇదిగో, ఇక్కడ లారీల రోడ్డు కలిసింది. బాగా సూసుకో.”

అద్దంలో చూశాను. పిల్ల మొహం మీద గుడ్డ లేదు. దాన్ని రెండు చేతులతో కిటికీ దాకా ఎత్తి పట్టుకున్నాడు.

“గుడ్డ కప్పు నాన్నా” అన్నాను.

నా మాటకు నేనే ఉలిక్కిపడ్డాను. ఇందాక అత్త మాటకు నవ్వుకున్నదాన్ని నేనే కదా.

“ఉక్కకి సచ్చిపోతాదే.”

“ఏసీ ఏసినాను. కప్పు.”

“దారి సూత్తే నీకేటి?”

“సూత్తే ఎల్లిపోద్ది!” అని అరిచాను. పిల్ల బెదిరి నాన్న చొక్కాలోకి తల దూర్చింది.

నాన్న దాన్ని ఒళ్ళో పెట్టుకుని వీపు నిమిరాడు. “నన్నూ అలాగే తెచ్చినావు కదే అమ్మా. అంబులెన్సుకి అన్నీ తెల్లద్దాలు, బయట ఏటీ కనపడదు. లేసి సూత్తే మేడలు. సముద్రం ఏ దిక్కునుందో తెలీనేదు. ఎటునుంచి ఎటొచ్చినానో తెలీకపోతే మనిసి ఎలాగుంటాడే?”

నాకు ఒళ్ళు మండింది. తుంటి విరిగిన మనిషిని ఊరంతా చూపిస్తూ తెస్తారా ఎవరైనా? “నిన్ను నాను దొంగతనంగా ఎత్తుకొచ్చినానా? డ్యూటీ సేసొచ్చి నీకు నీళ్ళు పోసినాను, కూడెట్టినాను. ఆ ట్రైలర్ కింద పడుంటే నాను ఏటైపోదును?” మాట పూర్తికాకుండానే ఏడుపొచ్చేసింది. వెనక బళ్ళవాళ్ళు హారన్లు కొడుతున్నారు.

“నిన్ను తిట్టనేదే తల్లీ. దారి అడుగుతన్నాను, అంతే.”

కారు కదిలించాను. దారి చెబితే వెళ్ళిపోతాడు. చెప్పకపోయినా వెళ్తాడు, లారీల పక్కన నడుచుకుంటూ. ఇక పోట్లాడే సత్తువ నాలో లేదు.

“నడిసి ఎల్లకూడదు నాన్నా” అన్నాను. గాజువాకలో ఇదిగో గాజువాక అని చూపించాను. మా సందు మొదట్లో బండి నెమ్మది చేసి బస్టాపు చూపించాను. “ఇక్కడ సిటీ బస్సెక్కి మద్దిలపాలెంలో దిగాల. అక్కడ్నుంచి ఆటో. పేట అంటే దింపెత్తాడు.” నేను చెప్పిన ప్రతి ముక్కా ఆయన కుక్కపిల్లకు అప్పజెప్పాడు. రేపు నేను డ్యూటీకి వెళ్ళగానే దాన్ని చంకన పెట్టుకుని పోతాడు. ఇంత కష్టపడి తెచ్చి, చివరికి నా చేతులతో నేనే పంపిస్తున్నాను అనుకున్నాను. బాధ కూడా కాదు, ఉత్త నీరసం.

ఇంటి ముందు కారు ఆపాను. నాన్న దిగలేదు.

“సత్తీ.”

“ఏటి?”

“ఎల్లే బస్సు సెప్పినావు. మరి పేట నుంచి తిరిగొచ్చీటప్పుడు ఎక్కడెక్కాల? సీకటి పడకముందే దీనికి కూడెట్టాల కదా.”

సీట్లో వెనక్కి తిరిగి ఆయన మొహం చూశాను.

“మద్దిలపాలెంలోనే నాన్నా. రోడ్డుకి అవతల పక్క” అన్నాను. “దాటీటప్పుడు ఎవుల్దైనా సెయ్యి పట్టుకో.”