ట్రైలర్ వెనక నిలబడే మనిషి

మా ఆయన లోర్న్ "ఊరికే చూసొస్తా" అని బయల్దేరాడంటే ఏదో ఒకటి కొనేసినట్టే లెక్క. మా ఇంటికి మంచు ఎత్తిపోసే యంత్రం అలాగే వచ్చింది. పడవా అలాగే వచ్చింది, ఇప్పటికీ గరాజులో పట్టా కప్పుకుని పడుకుని ఉంది. అందుకని మార్చిలో ఓ శనివారం పొద్దున టోపీ పెట్టుకుని, ట్రైలర్లు, అదే బండికి తగిలించుకుని సరస్సు దగ్గరికి లాక్కెళ్లే చక్రాల ఇళ్లు, అమ్మే చోటికి ఊరికే చూసొస్తానని వెళ్లినప్పుడు, నేను మా పాత ట్రైలర్‌కి మనసులోనే వీడ్కోలు చెప్పేశాను.

నాకు మాత్రం బోలెడు కారణాలు చెప్పాడు. పాతదాంట్లో మంచం ఎక్కడానికి నా మోకాళ్లు సహకరించడం లేదట. ఫ్రిజ్ మరీ చిన్నదట. వాన పడితే ముగ్గురం బల్ల చుట్టూ ఒకరినొకరు తోసుకుంటూ కూర్చోవాల్సొస్తోందట. నా మోకాళ్ల మీద ఆయనకి హఠాత్తుగా అంత దయ ఎందుకు పుట్టిందో నాకు తెలుసు. ఆ వారంలోనే ఓ రాత్రి భోజనాల దగ్గర మా అమ్మాయి బ్రెన్నా, వేసవికి ఐస్‌క్రీం కొట్లో పని దొరికిందనీ, ఇక సరస్సు దగ్గరికి మీరిద్దరే వెళ్లిరండనీ చెప్పింది. దానికి అప్పుడే పదహారు నిండాయి. లోర్న్ ఉడకబెట్టిన బంగాళాదుంపలు మళ్లీ వడ్డించుకున్నాడు, ఆ తర్వాత మళ్లీ వడ్డించుకున్నాడు. వాళ్ల వంశంలో మగవాళ్లకి ఏడుపొస్తే బంగాళాదుంపలు తింటారు.

ఆయన ఎంచుకున్నది ఫిఫ్త్ వీల్ ట్రైలర్. మా పాతది పికప్ ట్రక్కు బంపర్ వెనకాల బుద్ధిగా వేలాడుతూ వచ్చేది. ఇది అలా కాదు, పికప్ తొట్టిలోకే మెడ చాచి, ట్రక్కు వీపు మీద బరువంతా మోపి కూర్చుంటుంది. పొడవు చూస్తే మా అత్తగారి ఇల్లు గుర్తొచ్చింది. వెనకవైపు ఒక చిన్న గది ఉంది. దానికి తలుపుంది, కిటికీ ఉంది, తలుపుకి లోపల గడియ కూడా ఉంది. మమ్మల్నిద్దర్నీ తీసుకెళ్లి చూపించిన రోజున లోర్న్ ఆ తలుపు తీసి, మూసి, మళ్లీ తీసి, "ఇది నీదే" అన్నాడు బ్రెన్నాతో.

"బాగుంది," అంది అది.

ఆ ఒక్క మాటనీ మా ఆయన ఇంటికొచ్చేదాకా నెమరేస్తూనే ఉన్నాడు. బాగుంది అంది కదా, విన్నావుగా, ముఖం చూశావా అంటూ. నేను ముఖం చూశాను. ఆయన చూడనిది ఇంకొకటి కూడా చూశాను. ఈ బండిని రివర్సులో స్థలంలోకి వెనక్కి పెట్టాలంటే పాతదానికీ దీనికీ తేడా ఏమిటని ట్రైలర్లు అమ్మే అబ్బాయిని బ్రెన్నా అడిగింది. అడిగింది అదైతే, అతను జవాబు లోర్న్‌కి చెప్పాడు. పైగా, వెనక కెమెరా ఉంది, స్టీరింగ్ పక్కనే బొమ్మ కనబడుతుంది, ఇక ఎవరూ వెనకాల నిలబడి చేతులూపక్కర్లేదు అన్నాడు. మా అమ్మాయి చేతులు జేబుల్లో పెట్టుకుని బయటికెళ్లిపోయింది.

ఎందుకంటే వెనకాల నిలబడి చేతులూపే మనిషి అదే. ఆరేళ్లప్పటి నుంచీ అదే. నిజానికి ఆ పని మొదట నాది. కానీ ట్రైలర్‌ని వెనక్కి పెట్టేటప్పుడు మొగుడూ పెళ్లాం ఒకరినొకరు ఏమంటారో మా సరస్సు దగ్గర అందరికీ తెలుసు, ఆ తర్వాత దాన్ని ఎవరూ ఎత్తరు. నేను కుడి అంటే నా కుడివైపా ఆయన కుడివైపా అని ఒక వేసవంతా గడిచింది. ఆ మరుసటేడు ఎర్ర రబ్బరు బూట్లేసుకున్న బ్రెన్నా నన్ను పక్కకి జరగమని, తాను వెళ్లి నిలబడింది. లోర్న్ దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని ఒక మాట ఇచ్చాడు: "నువ్వు నాకు అద్దంలో కనబడుతూ ఉండు. కనబడలేదా, అంగుళం కూడా కదలను." ఆ తర్వాత వాళ్లిద్దరి మధ్యా మాటలు అవసరం లేకపోయాయి. అది అరచెయ్యి తిప్పితే ఆయన స్టీరింగ్ తిప్పేవాడు. అది నెత్తిమీద చెయ్యి పెట్టుకుంటే ఆగిపోయేవాడు. నేను కుర్చీలో కూర్చుని థర్మాస్‌లో కాఫీ తాగేదాన్ని. నా కాపురం అలా నిలబడింది.

ఈ చలికాలంలో బ్రెన్నాకి డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది. ట్రైలర్ ఒక్కసారి లాగనివ్వమని రెండు మూడు సార్లు అడిగింది. లోర్న్ "చూద్దాం" అన్నాడు. మా ఇంట్లో చూద్దాం అంటే వద్దని. అంత వరకే అడిగి ఊరుకుంది.

మే నెలలో సోమవారం సెలవు కలిసొచ్చే మొదటి పొడుగు వారాంతానికి వస్తానంది. ఐస్‌క్రీం కొట్టు తెరిచేది జూన్‌లో. గది చేసిన పని అది, అని లోర్న్ పొంగిపోయి, ఆ గదికి చిన్న దీపాల దండ కూడా కట్టాడు. నేను కాదనలేదు. మనిషి సంతోషంగా ఉంటే చూడ్డానికి బాగుంటుంది కదా.

కెనడాలోని మా సస్కాచవాన్ రాష్ట్రంలో మే నెల సరస్సు అంటే ఒడ్డున ఇంకా అక్కడక్కడా మంచుగడ్డలు, ఒంటిమీద రెండు స్వెట్టర్లు. అయినా అందరూ వస్తారు. వచ్చి, ఎవరి స్థలంలో వాళ్లు ట్రైలర్ నిలబెట్టుకుని, కుర్చీలు దారివైపు తిప్పి కూర్చుంటారు. ఆ తర్వాత వచ్చేవాళ్లు వెనక్కి ఎలా పెడతారో చూడ్డమే ఆ సాయంత్రం వినోదం. ఆ కుర్చీల సభకి పెద్ద మా పక్క స్థలం ఎల్మర్. రిటైరైన గోధుమ రైతు. పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ, పొట్టు ఓ డబ్బాలో ఉమ్ముతూ, ఎవరి బండి ఏ ఏడాది ఏ చెట్టుకి తగిలిందో గుర్తుపెట్టుకునే మనిషి. మా కొత్త బండి మలుపు తిరగ్గానే ఆయన కుర్చీ కొంచెం ముందుకి జరుపుకోవడం నేను చూశాను.

లోర్న్ పేరున్న డ్రైవరే. అదే ఆయన కొంప ముంచింది. పాత ట్రైలర్ అయితే, ట్రక్కు స్టీరింగ్ కాస్త కదిలిస్తే చాలు, తోక తిప్పేసేది. ఆయన చేతులకి ఆ అలవాటు ఎముకల్లోకి పోయింది. ఇదేమో మొదట ఏమీ విననట్టు తిన్నగా వస్తుంది, సరేనని ఇంకొంచెం తిప్పితే ఒక్కసారిగా మొత్తం గిరుక్కున తిరిగిపోతుంది. మొదటిసారి పోప్లార్ చెట్టువైపు వెళ్లింది. రెండోసారి కరెంటు స్తంభంవైపు. ఇక కెమెరా చూద్దామంటే, కంకర దారిలో అంతసేపు వచ్చాం కదా, తెర మీద బురద తప్ప ఏమీ లేదు. లోర్న్ దిగి టైర్లు తనిఖీ చేస్తున్నట్టు నటించాడు. బురద తుడవడానికి నిచ్చెన కావాలి. నిచ్చెన ఇంట్లో ఉంది.

"లోర్న్, నువ్వు మెల్లిగానే కానివ్వు. మేం భోజనాలు ఇక్కడికే తెప్పించుకుంటాం," అన్నాడు ఎల్మర్.

మా ఆయన చెవులు టోపీ కింద ఎర్రబడ్డాయి. నేను దిగాను. పాత ఆచారం ప్రకారం నేను కుడి అన్నాను, ఆయన ఎవరి కుడి అన్నాడు, మిగతాది ఎత్తకూడదు కాబట్టి ఎత్తను. బ్రెన్నా మాత్రం వెనక సీట్లో చెవుల్లో పాటలు పెట్టుకుని కిటికీలోంచి సరస్సు చూస్తూ కూర్చుంది. చివరికి లోర్న్ వెళ్లి ఆ కిటికీ మీద వేలితో కొట్టి, రామ్మా, వచ్చి వెనకాల నిలబడు, ఎప్పట్లాగే అన్నాడు.

అది చెవుల్లోంచి పాటలు తీసింది. "నేను నిలబడను నాన్నా. నువ్వు నిలబడు."

"నేను నిలబడితే బండి ఎవరు తోలతారు?"

అది ఆయన వైపు ఊరికే చూసింది. అర్థమవడానికి ఆయనకి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కుర్చీల వైపు ఒకసారి చూశాడు.

"ఇది చిన్న బండి కాదు, బ్రెన్నా."

"నాకు తెలుసు. నేను దీని గురించి చదివాను, వీడియోలు చూశాను. పాత బండి అలవాటు నాకు లేదు కాబట్టి నాకే తేలిక." తర్వాత గొంతు తగ్గించింది. "నేను గది కోసం రాలేదు. ఇప్పుడైనా ఇది నాకిస్తావేమోనని వచ్చాను. చూద్దాం అంటావా, సరే, నేను సోమవారం దాకా పాటలు వింటా."

నేను అప్పుడు నోరు తెరవలేదు. పెళ్లయ్యాక అంత కష్టపడి నోరు మూసుకున్న సందర్భం ఇంకోటి లేదు. అక్కడ వరసగా కూర్చున్నవాళ్లంతా ఆయన్ని పడుచువాడిగా ఉన్నప్పటి నుంచీ ఎరిగినవాళ్లు. వాళ్ల ముందు తనకి చేతకాలేదని ఒప్పుకుని, చేతులు కట్టుకుని వెనక్కి పోవాలి. పైగా బండి కొత్తది, ఇంకా ప్లాస్టిక్ వాసన కూడా పోలేదు. లోర్న్ టోపీ తీశాడు, నుదురు తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు. బంగాళాదుంపలు దగ్గర లేవు పాపం. తాళంచెవి తీసి దాని చేతిలో పెట్టాడు.

ఎల్మర్ గింజలు నమలడం మానేశాడు.

బ్రెన్నా డ్రైవర్ సీటు ముందుకి లాక్కుంది, అద్దాలు సర్దుకుంది, తొందరేమీ లేనట్టు బండిని దారిలో చాలా ముందుకి తీసుకెళ్లింది. లోర్న్ అంత దూరం ఎప్పుడూ వెళ్లడు, అది ఆయనకి నామోషీ. వెనకాల మా ఆయనేమో రెండు చేతులూ ఒకేసారి ఊపుతూ, కోళ్లని తోలుతున్నట్టు గంతులేస్తున్నాడు. రా అంటున్నాడో ఆగమంటున్నాడో దేవుడికే తెలియాలి. అది పట్టించుకోలేదు, నిదానంగా వస్తోంది. సగం దూరం వచ్చాక ఠక్కున ఆగింది. రమ్మని లోర్న్ అరిచాడు. కదలదు. ఏమైందని అరిచాడు. కదలదు. అప్పుడు చూసుకున్నాడు, చెట్టు దగ్గర ఎంత ఖాళీ ఉందో చూద్దామని ట్రైలర్ చాటుకి వెళ్లి నిలబడ్డాడని. రెండడుగులు పక్కకి జరిగి, అద్దంలో పడేచోట నిలబడి, మెల్లిగా అరచెయ్యి తిప్పాడు. బండి కదిలింది.

ఇంకా రెండుసార్లు ముందుకి వెళ్లాల్సొచ్చింది. చివరికి ఆయన నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నాడు, అది ఇంజను ఆపింది. బండి స్థలంలో ఉంది, దేనికీ తగల్లేదు. కాకపోతే వంకరగా ఉంది. ఎంత వంకరంటే, మా తలుపు తీస్తే సరిగ్గా ఎల్మర్ కుర్చీ ఎదురవుతుంది.

"వంకరగా పెట్టింది," అన్నాడు ఎల్మర్.

"అలాగే ఉంటుంది," అన్నాడు లోర్న్.

బ్రెన్నా దిగొచ్చి చూసి, ఇంకోసారి సరిచేస్తానంది. ఆయన ఒప్పుకోలేదు. వెంటనే చక్రాల కింద దిమ్మలు పెట్టేశాడు, ట్రైలర్‌కుండే ఇనప కాళ్లు దించేశాడు, ఎవరూ ముట్టుకోకుండా చేశాడు. అలా ఆ మూడు రోజులూ నేను పొద్దున్నే పాత గౌను మీద స్వెట్టరేసుకుని తలుపు తీయడం, ఎల్మర్ గింజల డబ్బాతో నాకు నమస్కారం పెట్టడం. గది వృథా పోలేదు లెండి. దీపాల దండ కింద మా అమ్మాయి బారెడు పొద్దెక్కేదాకా నిద్రపోయేది.

ఆ మొదటి సాయంత్రం మాత్రం ముగ్గురం మంట దగ్గర కూర్చున్నాం. పిండి బిళ్లల్లో కూర పెట్టి మడిచి ఉల్లిపాయలతో వేయించిన పెరోగీలు పళ్లెంలో చల్లారిపోతున్నా లోర్న్ తినడంలేదు. ట్రైలర్ వెనకవైపే చూస్తున్నాడు. కాసేపటికి నాతో, ఇవాళ నాకు భయమేసింది, అన్నాడు. బండికి ఏమైనా అవుతుందనా అని అడిగాను. కాదట. వెనకాల నిలబడితే తోలేవాళ్లు కనబడరు, ఇంత పెద్ద గోడ మన మీదికి వస్తూ ఉంటుంది, కాళ్లు వాటంతటవే వెనక్కి పోతాయి అన్నాడు. తర్వాత బ్రెన్నా వైపు తిరిగాడు.

"ఆరేళ్ల పిల్లవి. ఇన్నేళ్లూ అక్కడ నిలబడ్డావు. నీకు భయమెయ్యలేదా?"

అది ఇంకో పెరోగీ తీసుకుంది. అదేం ప్రశ్న అన్నట్టు చూసింది.

"కనబడకపోతే కదలనన్నావుగా," అంది.

లోర్న్ పళ్లెం దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టాడు. పెరోగీల్లో ఉండేదీ బంగాళాదుంపే. ఆయన తినడం చూసి నాకూ కళ్లు మండాయి, పొగ వల్ల అని చెప్పుకున్నాను. బ్రెన్నా వేళ్లు జీన్స్‌కి తుడుచుకుని, జూన్‌లో ఏ వారాంతాలు వస్తున్నామో ఇప్పుడే తేల్చమంది, కొట్లో ముందే చెప్పి సెలవు పెట్టుకోవాలట.

"చూ..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు మా ఆయన. నోట్లోది మింగాడు.

"నువ్వు చెప్పు," అన్నాడు. "తోలేదానివి నువ్వు కదా."