పిడి నిలిచిన రోజు

షొమారి మూడో ముక్కను కూడా పీకి నీళ్ళలోకి విసిరాడు. అది సైకిల్ ట్యూబు ముక్క. నూనె తగలగానే జారిపోయింది. దానికి ముందు కొబ్బరి చిప్ప పెచ్చు పెట్టి చూశాడు. మర బిగిస్తుంటే చిట్లింది. అన్నిటికంటే ముందు పెట్టింది హవాయి చెప్పు రబ్బరు. అది పెట్రోలు తాగి ఉబ్బిపోయి, పిడిని అసలు తిరగనివ్వలేదు.

అతను మోకాలి లోతు నీళ్ళలో, పడవ వెనక కొసన, అమరం దగ్గర నిలబడి ఉన్నాడు. ఇంజను అమరానికి బిగించి ఉంది. దాని నుంచి చుక్కాని కర్ర ముందుకు పొడుచుకు వచ్చి ఉంది. ఆ కర్ర కొసనే రేసు పిడి. పిడి తిప్పితే ఇంజను రేసు అందుకుంటుంది. తిప్పిన చోట అది ఆగి ఉండాలంటే కర్ర లోపల ఒక చిన్న దిమ్మ ఉండాలి, కింద మర బిగిస్తే ఆ దిమ్మ పిడిని నొక్కి పట్టాలి. ఈ ఇంజనులో ఆ దిమ్మ అరిగి రాలిపోయి చాలా ఏళ్ళయింది. అప్పటి నుంచి ఆ పని షొమారి ఎడమ చెయ్యి చేస్తోంది. లోపలి స్ప్రింగు పిడిని వెనక్కి లాగుతుంది, అతను ముందుకు తిప్పి పట్టుకుంటాడు. చెయ్యి సడలిందా, ఇంజను గొంతు పడిపోతుంది. షొమారి తుమ్మినా, ముక్కు గోక్కున్నా ముందు కొసన అణియంలో కూర్చున్న ఆడవాళ్ళకు వెంటనే తెలిసిపోయేది.

సోంగో మ్నారా దీవిలో ఈ రోజు దిబ్బ తెరుస్తారు. మూడు నెలలుగా ఆ రాతిదిబ్బ మీద ఎవరూ కాలు పెట్టలేదు. ఆక్టోపస్‌లు కన్నాల్లో కూర్చుని తిని బలిసి ఉంటాయి. ఒడ్డున పాతిన గుంజకు ఎర్రగుడ్డ కట్టి ఉంది. నీళ్ళు తగినంత తీశాక పెద్దమనిషి దాన్ని దింపుతాడు. అప్పుడు పడవలన్నీ ఒక్కసారిగా బయలుదేరతాయి. ముందు చేరిన వాళ్ళవి మంచి కన్నాలు.

పోయినసారి తెరిచినప్పుడు సగం దారిలో షొమారి చెయ్యి కొంకర్లు పోయింది. ఇంజను మూలిగింది. దక్షిణపు వాడ పడవ పక్కనుంచి దూసుకుపోయింది, అందులోని ఆడవాళ్ళు వెనక్కి తిరిగి వీళ్ళకు కొంగులు ఊపారు. ఆ అవమానాన్ని మ్వానహావా మర్చిపోలేదు. షొమారి భార్య సోమోయెకు ఆమె అక్క. ఈ పడవ ఆడవాళ్ళ సంఘానిది, ఆ సంఘానికి ఆమే పెద్ద. సంఘం కూర్చున్నప్పుడు ఆమె అందరి ముందూ చెప్పింది.

“ఈసారి గనక ఇంజను గొంతు పడిపోయిందంటే, మరిదీ, చుక్కాని కర్ర చందేకి ఇచ్చేస్తాం. నువ్వు ఇంట్లో కూర్చుని మా చెల్లెలికి కొబ్బరి తురుముదువుగాని.”

అందరూ నవ్వారు. షొమారి కూడా నవ్వాడు. కానీ కర్ర పట్టుకోవడం తప్ప అతనికి ఇంకో పని రాదు. వల వేయడంలో దిట్ట కాదు, ఈత కూడా అంతంతమాత్రమే. అమరంలో ఆ బల్ల మీద అతను కూర్చునే చోట చెక్క నున్నగా పల్లం పడింది. ఆ పల్లంలో ఇంకొకడు కూర్చోవడాన్ని అతను ఊహించుకోలేకపోయాడు.

“మామా, ఇంకా ఆ పిడితోనే కుస్తీనా?” చందే అణియంలోంచి అరిచాడు. ముప్పై ఏళ్ళవాడు, లంగరు వేసేది, తీసేది అతనే. “ఇటిచ్చెయ్యరాదూ. నా చెయ్యి ఇనుము.”

“చెయ్యే కాదురా, బుర్ర కూడా ఇనుమే,” అన్నాడు షొమారి.

ఎడమ చెయ్యి భుజం నుంచి మోచేతి దాకా లాగుతోంది. తెల్లవారకముందే సోమోయె లవంగ నూనె వేడిచేసి రుద్దింది. ఈ స్ప్రింగే నీ చేతిని తినేస్తోంది, పిడి బాగుపడితే చెయ్యీ బాగుపడుతుంది, అని ఊళ్ళో అందరూ చెప్పేవాళ్ళు. అతనూ అదే నమ్మాడు. రంగు వేయడానికి పడవను వారం రోజులు ఒడ్డున పెట్టినప్పుడు కూడా నొప్పి తగ్గలేదు. పాత నొప్పి కదా, ఒక్క వారంలో ఎక్కడికి పోతుంది అనుకున్నాడు.

అతను ఒడ్డు వైపు చూశాడు. పోటు తట్టిన గీతకు పైన, పొడి ఇసకలో చెప్పుల వరస ఉంది. పడవెక్కే వాళ్ళందరూ అక్కడే విడిచి నీళ్ళలోకి దిగుతారు. ఆ వరసలో అతని చెప్పులూ ఉన్నాయి. లారీ టైరు కోసి చేసినవి. కిల్వా బజారులో కొన్నప్పటి నుంచి అరగలేదు, చిరగలేదు. రబ్బరులో నారపోగులు వేసి నేసిన టైరు.

షొమారి కత్తి పళ్ళ మధ్య పట్టుకుని ఒడ్డుకు పరిగెత్తాడు. అతని వయసు మనిషి పరిగెత్తడం చూసి నెత్తిన బుట్టలతో వస్తున్న ఆడవాళ్ళు ఆగిపోయారు. అతను ఇసకలో కూలబడి, ఎడమ చెప్పు తిరగేసి, మడమ దగ్గర కత్తి దింపాడు.

“జుహురా నాన్నా, ఏంటా పని?” సోమోయె బుట్ట దించింది. “బంగారం లాంటి చెప్పు. ఇంటికెలా నడుస్తావు?”

“కుంటుతా.”

“పెళ్ళినాడు కూడా ఇంత కంగారు పడలేదు ఈయన,” అంది మ్వానహావా.

టైరు తెగడానికి మొండికేసింది. షొమారి నుదుటి నుంచి చెమట కారి కళ్ళలో పడింది. చివరికి బొటనవేలి గోరంత చదరపు ముక్క ఊడి వచ్చింది. దాన్ని రాతి మీద రుద్ది అంచులు సరిచేశాడు. చెప్పును మళ్ళీ వరసలో జతగా పెట్టి, నీళ్ళలోకి దిగి, ముక్కను కర్ర లోపలికి జొనిపి, కింద మర బిగించాడు. పిడి తిప్పాడు. అది కొంచెం మొరాయిస్తూ తిరిగింది. చెయ్యి తీశాడు.

పిడి కదల్లేదు.

ఇంకాస్త తిప్పి తీశాడు. అక్కడే ఉంది. వెనక్కి తిప్పితే వెనక్కి వచ్చింది, ఆపిన చోట ఆగింది. షొమారి చుట్టూ చూశాడు. ఆడవాళ్ళు ఒంటికి చుట్టుకున్న కంగా గుడ్డలు నడుముకు బిగించి పడవ ఎక్కుతున్నారు, ఇనపచువ్వలు బల్లల కింద పెడుతున్నారు, జాగా కోసం ఒకరినొకరు నెట్టుకుంటున్నారు. ఎవరూ ఇటు చూడలేదు. అతనికి గట్టిగా ఏదో ఒకటి అనాలనిపించింది. పిడి మీద అరచేత్తో రెండుసార్లు తట్టాడు, మేకపిల్లను తట్టినట్టు.

గుడ్డ దిగింది.

ఒడ్డంతా ఒక్క కేక వేసింది. చందే లంగరు లాగాడు. షొమారి తాడు గుంజాడు, ఇంజను ఒక్క గుంజుకే అందుకుంది. కుడి పక్క దక్షిణపు వాడ పడవ, ఎడమ పక్క ఇంకో రెండు. నురగ చిమ్మి బుట్టల మీద పడుతోంది. పిల్లల తల్లులు, ముసలమ్మలు, అందరూ ముందుకు వంగి కూర్చున్నారు, వాళ్ళు వంగితే పడవ ముందుకు పోతుందన్నట్టు. షొమారి పిడిని చివరికంటా తిప్పాడు.

మడ అడవి మలుపు దాటాక దక్షిణపు వాడ పడవ పక్కకు వచ్చింది. పోయినసారి చెయ్యి పడిపోయింది సరిగ్గా ఇక్కడే. మ్వానహావా వెనక్కి తిరిగి అతని చేతినే చూస్తోంది. షొమారి ఆమె కళ్ళలోకి చూసి, చుక్కాని కర్రను చంక కింద ఇరికించి, రెండు చేతులూ గాలిలోకి ఎత్తాడు.

“ఓరి దేవుడో, వదిలేశాడు,” అంది మ్వానహావా.

ఇంజను గొంతు పడిపోలేదు. అదే పాట, అదే రేసు. ఆడవాళ్ళు ఒక్క క్షణం చెవులు రిక్కించి, తర్వాత ఈలలు వేసి, చువ్వలతో పడవ అంచును వాయించడం మొదలుపెట్టారు. దక్షిణపు వాడ వాళ్ళు మొదట అణియం పక్కకు, తర్వాత బల్లల పక్కకు, తర్వాత వెనక్కి జారిపోయారు. సోమోయె లేచి నిలబడి వాళ్ళకు కొంగు ఊపింది. ఆమె అలాంటి పని చేయగా ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

ఇన్నేళ్ళూ పడవలో షొమారికి సోమోయే నూనెలో వేయించిన మందాజి రొట్టె తుంచి నోట్లో పెట్టేది. సోమోయె పెద్దకొడుకు అని ఆడవాళ్ళు ఏడిపించేవాళ్ళు. ఈ రోజు ఆమె తుంచబోతే అతను చెయ్యి చాచి మొత్తం అందుకున్నాడు. ఇంకో చేత్తో టీ గ్లాసు పట్టుకున్నాడు. ముంచుకుని తిన్నాడు. తర్వాత, చేతులు ఖాళీగా ఉన్నాయి కాబట్టి, వెనక్కి తిరిగి చూశాడు. పడవ వెనక నీళ్ళు రెండుగా చీలి, ఒడ్డు దాకా తెల్లగా దారి పడి ఉంది. ఇన్నేళ్ళూ ఆ దారి వేసింది తనే. ఇంత తీరిగ్గా దాన్ని ఎప్పుడూ చూడలేదు.

దిబ్బ దగ్గర వాళ్ళే మొదలు. పడవ ఆగకముందే ఆడవాళ్ళు దూకారు. చీలమండల లోతు నీళ్ళలో వంగి, కన్నాల ముందు పేర్చి ఉన్న గవ్వ పెంకులను బట్టి లోపల ఎవరున్నారో కనిపెట్టి, చువ్వ దూర్చి, లాగి, రాతికేసి కొట్టి, మళ్ళీ వంగేవాళ్ళు. దిబ్బంతా పిలుపులు, అరుపులు, ఎత్తిపొడుపులు. ఇది నేను ముందు చూసిన కన్నం అని ఒకరంటే, అయితే నీ పేరు రాసి ఉందేమో చూడు అని ఇంకొకరు.

మ్వానహావా మోచేతి నుంచి భుజం దాకా చుట్టుకున్న ఆక్టోపస్‌తో వచ్చింది. దాన్ని ఊడబెరికి షొమారి కాళ్ళ దగ్గర పడేసింది. చేతి మీద పీల్చిన గుర్తులు గుండ్రంగా లేచి ఉన్నాయి.

“ఇది నీ చెప్పుకి బదులు, మరిదీ.”

“ఇంకో మడమ కూడా ఉంది, వదినా. కోసేదా?”

“ఉంచుకో. వచ్చేసారికి పనికొస్తుంది.” ఆమె అణియం వైపు తిరిగింది. “చందే, విన్నావా? కర్ర ఈయనదే. నువ్వు లంగరు మోస్తూ ముసలాడివి అవ్వు.”

చందే సలాం చేశాడు. “మామ చెప్పులు రెండూ అయిపోయేదాకా ఆగుతాలే, పెద్దమ్మా.”

షొమారి నవ్వాడు. బల్ల మీది పల్లంలో సర్దుకుని కూర్చున్నాడు. ఎడమ చెయ్యి ఇంకా బరువుగానే ఉంది, దవడ దాకా లాగుతోంది. మంచినీళ్ళు తాగాడు. గాలి ఉన్నా చెమట పడుతోంది. పిడి నిలిచింది కాబట్టి రేపటి నుంచి చేతికి విశ్రాంతి అనుకున్నాడు. రేపు కాకపోతే ఎల్లుండి.

పోటు తిరిగింది. దిబ్బ అంచులు మునుగుతుంటే ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఎక్కారు. బుట్టలు నిండి, బస్తాలు నిండి, పడవ అడుగున కాళ్ళు పెట్టే చోటు లేదు. షొమారి తాడు గుంజి, పిడి తిప్పి, కర్రను చంక కింద పెట్టుకుని, పడవ అంచుకు వీపు ఆనించాడు.

ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. దక్షిణపు వాడ వాళ్ళ మీద మ్వానహావా అప్పటికప్పుడు కట్టిన పాట. ఒక్కో చరణానికి నవ్వు ఆగక మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. సోమోయె మందాజి తీసి వెనక్కి చూసింది. ఈయన చేతులు ఖాళీయే కదా, కావాలంటే అడుగుతాడు అనుకుని తనే తినేసింది.

“మరిదీ, ఈ చరణం నీ మీదే. బాగుందా?” అంది మ్వానహావా.

షొమారి పలకలేదు. అతను ఎప్పుడూ పది మాటలకు ఒకటి పలికే మనిషి.

“గెలిచాడు కదా, ఇంక మనతో మాట్లాడడు,” అందామె. అందరూ నవ్వారు. ఇంజను అదే గొంతుతో పోతోంది.

ఊరి కాలువలోకి తిరిగే చోట రెండు మడకర్రలు పాతి ఉన్నాయి. వాటి మధ్యగా ఎడమకు తిరగాలి. చందే అణియంలో నిలబడి ఎడమ చెయ్యి చాచాడు. పడవ నేరుగా పోతోంది. మళ్ళీ చాచాడు.

“మామా, ఎడమకి. మామా.”

మడకర్రలు పక్కనుంచి వెనక్కి వెళ్ళిపోయాయి. సోమోయె తిరిగి చూసింది. భర్త కర్ర మీద చంక ఆనించి, తలను కొంచెం ఒక పక్కకు వాల్చి, దారి వైపే చూస్తున్నాడు. అతని ఎడమ చెయ్యి ఒడిలో వెల్లకిలా ఉంది. వేళ్ళు విప్పుకుని ఉన్నాయి. ఇన్నేళ్ళ కాపురంలో ఆ చెయ్యి పడవలో అలా ఉండగా ఆమె చూడలేదు.

ఆమె బుట్టల మీదుగా, ఎవరి ఒళ్ళో కాలు పెడుతోందో చూసుకోకుండా వచ్చింది. అతని చెంప మీద అరచెయ్యి పెట్టింది. కాసేపు అలాగే ఉంచింది. తర్వాత పిడి పట్టుకుని వెనక్కి తిప్పింది. బిగువుగా ఉంది. రెండు చేతులూ వేయాల్సి వచ్చింది.

ఇంజను గొంతు పడిపోయింది. పాట ఆగింది. అణియం దాకా అందరూ వెనక్కి తిరిగారు.

పడవను చందే ఒడ్డుకు తెచ్చాడు. అతను ఆ పల్లంలో కూర్చోలేదు, కర్ర పక్కన నిలబడే నడిపాడు. షొమారిని మ్వానహావా కంగా మీద పడుకోబెట్టి మసీదు దారిన ఇంటికి మోసుకుపోయారు. సోమోయె చెప్పులు వేసుకోకుండానే వాళ్ళ వెనక నడిచింది. మిగతావాళ్ళు బుట్టలు దింపి, వరసలో ఎవరి చెప్పులు వాళ్ళు వెతుక్కుని వెళ్ళారు. సోమోయె చెప్పులను మ్వానహావా తీసుకుంది. పక్కనే ఉన్న జత మీదికి వంగి, ముట్టుకోకుండా లేచింది.

పోటు పూర్తిగా ఎక్కే వేళకు చందే ఇంజను విప్పి భుజాన పెట్టుకుని అటుగా వచ్చాడు. నీళ్ళు ఆ జతకు జానెడు దూరంలో ఉన్నాయి. ఇంజను దించి, చెప్పులను రెండు చేతులతో ఎత్తి, గట్టు మీద, నీళ్ళు అందని చోట జతగా పెట్టాడు. ఎడమ చెప్పు మడమలో బొటనవేలి గోరంత చదరపు గుంట ఉంది. అందులో పొద్దుటి ఇసక అలాగే ఉంది.